దాటేసిన వాక్యం

యంత్రాల గది తలుపు తీయకముందే కూత వినిపించింది. సన్నగా, ఆగి ఆగి, ఎవరో పళ్ల సందులోంచి ఈల వేస్తున్నట్టు. వరండాలో నిలబడి, అది నిజంగా మోగుతోందా, నాకే వినబడుతోందా అని కాసేపు అనుమానపడ్డాను. నాకది అలవాటు. గ్యాసు కట్టేశానా, తాళం పడిందా, కుళాయి కారుతోందా అని నా బుర్ర రోజంతా ఇలాంటి కూతలు పెడుతూనే ఉంటుంది. వాటిలో నిజమైనది ఇంతవరకూ ఒక్కటీ లేదు. అందుకే ఆసుపత్రిలో నన్ను డౌటమ్మ అంటారు. నా ముఖం మీదే అంటారు. నేనూ పలుకుతాను.

ఈసారి కూత నిజమే. లోపల ఆరో అరలో దీపం పసుపు రంగుకి తిరిగి ఉంది.

మాది గొంతు ఆసుపత్రి. జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయాల్సిన వాళ్లు ఆపరేషనుకి ముందు మా దగ్గరికి వచ్చి, మెత్తటి గోడల గదిలో కూర్చుని కొన్ని రోజులపాటు వాక్యాలు చదువుతారు. ఆ వాక్యాలన్నీ కలిపి తర్వాత వాళ్ల గొంతుని తయారు చేస్తారు. మనిషి ఫోనులో టైపు చేస్తే ఫోను అతని గొంతుతోనే మాట్లాడుతుంది. అది తయారు కావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ రికార్డింగులు ఉండే చోటు ఈ గదిలో నేను చూసుకునే కంప్యూటరు పెట్టె. ఆపరేషను అయిపోయి, గొంతు ఇంకా తయారుకాని మనిషికి ఈ ప్రపంచంలో తన గొంతు మిగిలి ఉన్నది అందులోనే. మళ్లీ చదివించుకుందామంటే చదవడానికి గొంతు లేదు.

అలాంటి వాళ్లలో మా తమ్ముడు ఒకడు. డ్రైవింగు నేర్పుతాడు. ఇంట్లో చిన్నప్పటి నుంచీ వాడి పేరు వాగుడుకాయ. ఆపరేషను అయ్యాక కూడా ఎవరూ ఆ పేరు మార్చలేదు. మార్చడం ఇంకా ఘోరంగా ఉంటుందని అందరికీ అనిపించి ఉంటుంది.

పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. అందులో ఎనిమిది డిస్కులు, లావు పుస్తకాలు నిలబెట్టినట్టు వరసగా ఉంటాయి. ఏ రికార్డింగునీ ఒకే డిస్కులో పెట్టం. ముక్కలు చేసి, ఒక అదనపు ముక్క కలిపి, ఎనిమిదింటికీ పంచుతాం. ఆ అదనపు ముక్క పుణ్యాన ఏ ఒక్కటి చచ్చిపోయినా మిగతా ఏడూ కలిసి దాని వాటా ఏమిటో లెక్కగట్టి చెప్పేస్తాయి. రెండోది కూడా పోతే మాత్రం మిగిలినవి తెల్లమొహం వేస్తాయి. వాటిలో బోలెడన్ని మాటల ముక్కలు ఉంటాయి, ఒక్క మాటా ఉండదు.

ఒకటి పోయినప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే. చచ్చినదాన్ని లాగేసి, బీరువాలో ఉన్న కొత్తదాన్ని ఆ అరలోకి తోస్తారు. కూత ఆగుతుంది. పెట్టె మిగతా ఏడింటినీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా చదివి కొత్తదాన్ని నింపుకుంటుంది. చిన్న డిస్కుల రోజుల్లో అది భోజనం చేసి వచ్చేలోగా అయిపోయేది. ఇప్పటి డిస్కులు పెద్దవి. పగలూ రాత్రీ ఆపకుండా చదివినా ఒక రోజులో తెమలదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని మూలలన్నీ అప్పుడే తడుముతుంది. ఆ ఎనిమిదీ ఒకే అట్టపెట్టెలో, ఒకే రోజు వచ్చాయి. అప్పటి నుంచీ ఒకే వేడిలో, ఒకే పని చేశాయి. ఒకే కాన్పులో పుట్టినట్టు. ఒకదానికి కాలం తీరితే మిగతావాటి మాటేమిటి? అసలే మూడో అరలో ఉన్న డిస్కు కొన్నాళ్లుగా అక్కడక్కడా తడబడుతోంది. స్క్రీను మీద దాని తప్పుల లెక్క మెల్లమెల్లగా పెరుగుతోంది. నేను తప్ప దాన్ని చూసేవాళ్లు లేరు. నేను చూసేవన్నీ లెక్కలోకి రావు.

కూత విని డైరెక్టరు గారు వచ్చారు. ఆయన గొంతు డాక్టరు. చేతులు ఎప్పుడూ తొందరపడవు.

“ముందా కూత ఆపించమ్మా. బయట పేషెంట్లు బెదిరిపోతున్నారు.”

కూత ఆపాను. పెట్టె అమ్మినవాళ్లకి ఆయన అప్పటికే ఫోను చేశారట. కొత్త డిస్కు తోసెయ్యమన్నారట, అంతేనట. నేను కదలకపోయేసరికి ఆయన నన్ను ఊరడించడానికి, రెండో కాపీ ఎలాగూ ఉంది కదా, ‘భద్రం’ అని ఒక ఫోల్డరు, అన్నారు.

ఆ ఫోల్డరు ఉంది. నాకు ముందు పనిచేసినాయన ప్రతి రికార్డింగునీ దానిలోకి రెండోసారి కాపీ చేసేవాడు, చాలా శ్రద్ధగా. కాపీ చేసింది ఇదే పెట్టెలోకి. ఇంటి తాళంచెవి పోతుందేమోనని రెండోది చేయించి, రెండింటినీ ఒకే జేబులో వేసుకున్నట్టు. నేను చేరిన కొత్తలోనే ఈ సంగతి డైరెక్టరు గారికి చెప్పాను. చూద్దాం అన్నారు. ఆయన తప్పు కాదు. ఆ వారంలోనే కిటికీ గొళ్లెం గురించీ, మంచినీళ్ల యంత్రం దగ్గర తడి గురించీ కూడా చెప్పి ఉన్నాను. నా మాటలన్నీ ఒకే బరువుతో బయటికి వస్తాయి. వాటిలో ఏది బరువైనదో వినేవాళ్లకి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

బీరువాలో ఉన్నది ఒకే ఒక్క కొత్త డిస్కు. దాన్ని అరలోకి తోస్తే అది వైద్యం. అలా కాకుండా పక్కన విడిగా పెట్టి, పెట్టె కుంటుతూనైనా నడుస్తున్న ఈ కాస్త వ్యవధిలో గొంతులన్నిటినీ దానిలోకి దింపేస్తే అది పడవ. గొంతులు మాత్రమే పడతాయి. గొంతు లోపలికి గొట్టం దింపి తీసిన పరీక్ష వీడియోలు పెట్టెలో ముప్పాతిక భాగం ఉన్నాయి, వాటికి చోటు లేదు. ఇంకో డిస్కు తెప్పించాలంటే మర్నాటికి గానీ రాదు. మర్నాటి దాకా పెట్టె ఏడు కాళ్ల మీద నిలబడాలి.

డిస్కు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కొత్త చెప్పుల పెట్టెలాంటి వాసన వేస్తోంది. దాన్ని అరలోకి తోయడానికి చెయ్యి పోలేదు. ఇది భయమా, జబ్బా? ఈ అనుమానాల జబ్బు కోసం నేను వారం వారం వెళ్లే కౌన్సిలరు ఒక ప్రశ్న నేర్పింది. ఏ అలవాటూ లేని ఒక కొత్త మనిషి నీ కుర్చీలో కూర్చుంటే, ఇదే చూసి భయపడుతుందా? గ్యాసు దగ్గర ఆ ప్రశ్న పనిచేస్తుంది. కొత్త మనిషి ఒక్కసారి చూసి వెళ్లిపోతుంది. ఇక్కడ ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ మూడో డిస్కు తప్పుల లెక్క చూసింది. లేవలేదు.

“సార్, ఇది ఇప్పుడు అరలో పెట్టొద్దు. ముందు గొంతులు బయటికి తీసుకుందాం.”

“అమ్మా, ఇది నీ మామూలు భయం కాదు కదా?”

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అడిగారు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది.

“తెలీదు సార్. మామూలుదైనా పోయేది ఒక రోజు. కాకపోతే పోయేది వీళ్లంతా.”

ఆయన అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, సరే అన్నారు. పెట్టె మీద భారం పడకుండా ఆ రోజు పరీక్షలన్నీ ఆపించారు. రికార్డింగు గదికి తాళం వేయించారు. ఆ గది చూసేది వదిన. ఆసుపత్రిలో అందరూ ఆవిడని వదిన అంటారు, ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. పని లేకపోవడంతో ఆవిడ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

ఇక వరస నిర్ణయించాలి. పెట్టె ఏ నిమిషాన కూలబడుతుందో తెలియనప్పుడు ముందు ఎక్కినవాళ్లే దక్కినవాళ్లు. గొంతు తయారైపోయినవాళ్లని చివరికి నెట్టాను. ఆపరేషను కానివాళ్లు వాళ్లకి ముందు, అవసరమైతే మళ్లీ చదవగలరు కనుక. మిగిలినవాళ్లు, గొంతు పోయి, కొత్తది ఇంకా రానివాళ్లు. వీళ్లలో ఎవరు ముందు? ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్నవాళ్లు ముందు అనుకున్నాను. న్యాయంగానే తోచింది. ఆ లెక్కన మా తమ్ముడు సరిగ్గా మధ్యలో పడ్డాడు. అది చూశాక, ఆ న్యాయం మీద అనుమానం వచ్చింది. వాణ్ని ముందు పెడితే లోకం ఏమంటుందో, చివర పెడితే నేను ఏమైపోతానో, రెండూ లేకుండా చేసుకోవడానికే ఈ సూత్రం నాకు దొరికిందేమో. మనసు తనకి కావలసినదాన్ని ఎప్పుడూ నియమం వేషం వేసి పంపుతుంది. అయినా వరస మార్చలేదు. మారిస్తే ఇంకో సూత్రం, దానిమీద ఇంకో అనుమానం. ఈలోగా డిస్కు తిరుగుతూనే ఉంది.

కాపీ మొదలుపెట్టాను.

స్క్రీను మీద ఫైళ్ల పేర్లు పైకి పాకుతున్నాయి. ఒక్కో వాక్యం ఒక్కో ఫైలు. పేషెంట్లకి పేర్లు లేవు, నంబర్లే. కానీ వదినకి నంబర్లన్నీ మనుషులే. ఈయన లాయరు, నీళ్లు తాగకుండా గంటలు గంటలు చదివేవాడు. ఈవిడ ముగ్గురు పిల్లల తల్లి. మేమిచ్చిన వాక్యాలు అయ్యాక సొంత మాటలు చెప్పమంటాం, ఎవరికి ఏది అవసరమో అది. ఆ తల్లి ఒక పూటంతా పిల్లల్ని నిద్ర లేపడమే రికార్డు చేయించిందట. మెల్లగా ఒకసారి, విసుగ్గా ఒకసారి, దుప్పటి లాగేస్తానని బెదిరిస్తూ ఒకసారి. “ఎన్ని రకాలుగా లేపిందో! నాకే లేచి పళ్లు తోముకోవాలనిపించింది,” అంది వదిన. ఆవిడ వరసలో మా తమ్ముడి వెనకే ఉంది.

ఫోను వణికింది. తమ్ముడు. వాడు ఆ రోజు ఆసుపత్రికి రావలసింది. వదిన వద్దని చెప్పగానే సంగతి పసిగట్టాడు.

‘పెట్టె పడుకుందా అక్కా?’

ఒక డిస్కు పోయిందనీ, చూస్తున్నాననీ రాశాను.

‘నువ్వు చూస్తున్నావంటే వందసార్లు చూస్తావు. నాకేం బెంగ లేదు.’

కాసేపటికి ఇంకొకటి వచ్చింది. ‘నిజంగా లేదు.’

ఆ రెండోది చదివాక ఫోను బోర్లా పెట్టేశాను. గొంతు ఉన్నప్పుడు వాడు ఏ మాటా రెండుసార్లు చెప్పేవాడు కాదు. చెప్పడానికి కొత్త మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

మధ్యాహ్నానికి వాడి నంబరు వచ్చింది. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. మేమిచ్చినవన్నీ దిగాయి. సొంత మాటలు మొదలయ్యాయి. మొదటి రోజువి అయ్యాయి. రెండో రోజువి ముక్కాలు వంతు అయ్యాయి. అప్పుడు ఆగింది.

పేరు కదలలేదు. పెట్టెలోంచి చిన్న చప్పుడు, ఎవరో గోటితో బల్ల మీద కొట్టినట్టు, మళ్లీ, మళ్లీ. మూడో డిస్కు. ఆ ఫైలులో తన వాటా ముక్కని చదవలేక, తల వెనక్కి తీసుకుని మళ్లీ అక్కడికే వెళ్తోంది. తప్పుల లెక్క ఇప్పుడు మెల్లగా పెరగడం లేదు.

పెట్టెకి ఒక బుద్ధి ఉంది. ఏ డిస్కయినా మరీ ఎక్కువసేపు తడబడితే, ఇది కూడా చచ్చిపోయిందని తేల్చేసి దాన్ని వరసలోంచి తోసేస్తుంది. దానిలో మిగిలిన చోటంతా బాగున్నా సరే. అప్పుడు ఆరే మిగులుతాయి. ఆరు అంటే ఏమీ లేనట్టే. నా ముందు రెండు దారులున్నాయి. ఇంకోసారి ప్రయత్నించనివ్వడం, ఒక్కోసారి పదో ప్రయత్నంలో చదివేస్తుంది కాబట్టి. లేదా ఈ ఫైలుని వదిలేసి ముందుకి పొమ్మనడం. ఒక్క మీట.

“ఏముంది ఇందులో?” అని అడిగాను.

వదిన కళ్లు మూసుకుని ఆలోచించింది. ఆ రోజు వాడు తనని గది బయటికి పంపేశాడట. యంత్రం ఆన్ చేసి పెట్టి మీరు వెళ్లండి, ఇది ఇంటి సంగతి అన్నాడట. కాబట్టి ఆవిడకి తెలియదు.

గోటి చప్పుడు. మళ్లీ.

ఇంకొక్కసారి అనే మాట నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది ఎంత మెత్తగా ఉంటుందో, ఎంత సబబుగా మాట్లాడుతుందో నాకు తెలుసు. నన్ను వీధి చివరి నుంచి వెనక్కి తిప్పి తాళం కప్ప దగ్గర నిలబెట్టినప్పుడల్లా అది అదే మాట అంటుంది. ఇదే ఆఖరు, ఇంకొక్కసారి. ఎన్నడూ అది ఆఖరు కాలేదు. ఇప్పుడు ఆ డిస్కు నా బుర్రలాగే పనిచేస్తోంది. చదవలేని చోటికే తిరిగి తిరిగి వెళ్తూ, ఆ వెళ్లడంతోనే మిగిలిన చోటుని అరగదీస్తూ. ఆగమని చెప్పవలసింది నేను. వాడి వెనక ఆ తల్లి ఉంది. ఆవిడ వెనక ఇంకొందరు ఉన్నారు. ముందు ఉన్నది వాడు. వాడిలో ఒక్క వాక్యం, నాకు తెలియనిది.

“మేడమ్,” అంది వదిన. ఎప్పుడూ పేరు పెట్టో, డౌటమ్మా అనో పిలిచే మనిషి.

మీట నొక్కాను. చప్పుడు ఆగింది. పేరు ఎర్రబడి, పైకి పాకి, కనిపించకుండా పోయింది. తర్వాతి వాక్యం దిగింది. దాని తర్వాతిది. నేను ఆ ఎర్ర పేరు వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాను, అక్కడ ఇంకేమీ లేకపోయినా.

పొద్దు వాలేలోగా గొంతులన్నీ దిగాయి. తల్లి మొత్తం దిగింది, అన్ని రకాల పిలుపులతో. కొత్త డిస్కుని పెట్టెకి దూరంగా, డైరెక్టరు గారి గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆ తాళం ఎన్నిసార్లు లాగి చూశానో చెప్పను.

మర్నాడు ఇంకో కొత్త డిస్కు వచ్చింది. ఈసారి అరలోకి తోశాం. సగం దారి కూడా రాకముందే మూడో దీపం పసుపయింది, ఆ వెంటనే అన్నీ ఎర్రబడ్డాయి. వీడియోలు పోయాయి. డైరెక్టరు గారు నా పక్కన నిలబడి ఆ ఎరుపు వంక చూశారు.

“నువ్వన్నట్టే అయింది,” అన్నారు. ఆయన గొంతులో గౌరవం ఉంది. రెండో పెట్టె ఈ వారమే కొందామన్నారు, దాన్ని వేరే భవనంలో పెడదామన్నారు. వరండాలో ఇద్దరు ముగ్గురు నాకు చేయి కలిపారు. ఎవరూ డౌటమ్మ అనలేదు.

సంతోషం కలగాలి. కలగలేదు. ఇన్నాళ్లూ నా బుర్రలో కూతలన్నిటికీ నా దగ్గర ఒకే ఒక్క జవాబు ఉండేది, ఇంతవరకూ ఒక్కటీ నిజం కాలేదు అని. ఆ జవాబు ఇప్పుడు చెల్లదు. ఒకటి నిజమైంది. ఇక గ్యాసు కూడా నిలదీస్తుంది, కుళాయి కూడా నిలదీస్తుంది. కౌన్సిలరుకి ఇది చెబితే నవ్వుతుందో, తల పట్టుకుంటుందో.

తమ్ముడికి చెప్పాలి. గొంతు తయారీకి ఒక వాక్యం లోటు లెక్కలోకి రాదని వదిన ముందే చెప్పింది. వాడి గొంతు దక్కినట్టే. ఆ మాట ఫోనులో రాశాను. దాటేసిన సంగతి మాత్రం రాయలేకపోయాను. సాయంత్రం డ్రైవింగు స్కూలుకి వెళ్లాను. వెనక స్థలంలో, సున్నం గీతల మధ్య, వాడు ఒక పెద్దావిడకి కారు వెనక్కి నడపడం నేర్పుతున్నాడు. మాటలు లేవు కదా, పెన్నుతో డాష్‌బోర్డు మీద కొడతాడు. ఒక దెబ్బ అయితే ఆపమని, రెండయితే తిప్పమని. మునుపటికన్నా ఇప్పుడే జనం త్వరగా నేర్చుకుంటున్నారని వాడి ఓనరు అంటున్నాడట. ఆ సంగతి వాడే అందరికీ టైపు చేసి మరీ చూపిస్తాడు.

పెద్దావిడ దిగిపోయాక పక్క సీటులో కూర్చున్నాను. అంతా చెప్పాను. వరస, మధ్య, గోటి చప్పుడు, మీట. రెండో రోజు సొంత మాటల్లో, చివరికి దగ్గరలో ఒకటి అన్నాను.

వాడు కారు ముందు అద్దంలోంచి బయటికి చూశాడు. ఫోను తీసి టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ చేశాడు. నా వైపు తిప్పాడు.

‘అదేంటో నాకు తెలుసు.’

ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. వాడు నన్నే చూస్తున్నాడు, నా జబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసినవాడి చూపు. వాడికి కోపం వచ్చిందో, నేను అడుగుతానని ఎదురుచూస్తున్నాడో తెలియలేదు. నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. బయట ఎవరో ప్లాస్టిక్ శంకువుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వెళ్తున్నారు.

‘అడగవేం?’

“అడిగితే చెప్తావా?”

‘చెప్పను. ఇలా టైపు కొట్టి చెప్పేది కాదు. నిన్ను తిట్టాలని గొంతు ఉన్నప్పుడు చెప్పిన మాట.’

“నన్నా?”

వాడు తలూపాడు. మళ్లీ టైపు చేశాడు, ఈసారి త్వరగా. ‘గొంతు వచ్చాక చెప్తా. అప్పటికీ కోపం ఉంటే.’

ఏం కోపం, ఎప్పటిది, నేనేం చేశాను? ఒక్కోటీ వచ్చి తలుపు తడుతోంది. వాడు పెన్నుతో నా భుజం మీద ఒక దెబ్బ కొట్టాడు. ఆపమని. తర్వాత అదే పెన్నుతో బెల్టు చూపించాడు. పెట్టుకున్నాను. కారు గీతల మధ్య నుంచి మెల్లగా రోడ్డు మీదికి వెళ్లింది. వాడి గొంతు తయారవడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. వాడు మాత్రం ఏమీ జరగనట్టు ముందుకి చూస్తూ నడుపుతున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి, ఏమీ అడగకుండా కూర్చున్నాను. ఇంటి మలుపు దగ్గర కూడా అడగలేదు.